అమ్మ మోసుకొచ్చిన బొంత

మొన్న మా కోడలు ఫోనులో ఏదో నొక్కి ఒక బొంత తెప్పించింది. ప్లాస్టిక్ కవరు కత్తిరించగానే గదంతా రబ్బరు చెప్పుల దుకాణం వాసన కొట్టింది. దాన్ని మంచం మీద పరిచి, "అత్తమ్మా, జర వచ్చి చూడుండ్రి. మీ అమ్మ కుట్టిన బొంత గురించి చెప్తరు గద, అచ్చం గట్లనే ఉన్నది" అని సంబరంగా పిలిచింది.

వెళ్ళి చేత్తో తడిమాను. దానికి అతుకు లేదు. ముక్కలూ లేవు. అంతా ఒకటే గుడ్డ, చేతికి ఆగకుండా జారిపోయే గుడ్డ. దాని మీద రంగురంగుల ముక్కలు అతికినట్టు బొమ్మ అచ్చువేశారు. సూది దిగిన చోట కనబడే దారప్పోగులను కూడా తెల్లటి గీతలుగా అచ్చువేశారు.

"తీసెయ్ దీన్ని" అన్నాను. "నా మంచం మీద వెయ్యకు."

"ఏమైంది అత్తమ్మా? మంచిగనే ఉన్నది గద!"

"ఏం మంచిగున్నది? కుట్టకుండనే కుట్టినట్టు జూపెడుతున్నది."

ఆ పిల్ల బిత్తరపోయి, దాన్ని మడిచి మళ్ళీ కవర్లో పెట్టేసింది. పాపం, ఆమె తప్పేమీ లేదు. కవరు మీద చూస్తే ఆ పొట్లం మా భివండి గోదాముల్లో ఒకదాని నుంచే వచ్చింది. కార్ఖానాలు పడగొట్టి కట్టిన రేకుల గోదాములు. బట్ట నేసిన ఊళ్ళో ఇప్పుడు ఎవరో ఎక్కడో చేసిన బట్టను పొట్లాలు కట్టి పంపుతున్నారు. దానికీ కోపం వచ్చింది నాకు. కానీ అసలు కోపం అది కాదని ఆ రోజంతా తెలుస్తూనే ఉంది. అది చాలా పాతది. నా పదేళ్ళప్పుడు వచ్చిన కోపం.

అప్పుడు మేము భివండిలోనే నాగావ్‌లో ఉండేవాళ్ళం. బాపు వాళ్ళన్న, అంటే మా పెద్దబాపు, కరీంనగర్ దిక్కు నుంచి ఈ మరాఠీ గడ్డకు ముందుగా వచ్చి కొన్ని సాంచాలు పెట్టుకున్నాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. తర్వాత తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు. బాపు అన్న సాంచాల మీదే కూలికి నేసేవాడు. ముందున్న పక్కా ఇల్లు పెద్దబాపు వాళ్ళది, వెనకనున్న రేకుల గది మాది. వంట మాత్రం అందరికీ ఒకటే అనేవాళ్ళు. ఒకటే అంటే అమ్మ వండేది, అందరూ తినేవాళ్ళు. పెద్దమ్మ డబ్బాల తాళం చెవులు నడుముకు దోపుకొని, పప్పు ఎంత, నూనె ఎంత అని కొలిచి ఇచ్చేది.

సాంచాల చప్పుడుకు మా ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడే అలవాటు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు మేము కొట్లాడుకుంటున్నామని అనుకునేవాళ్ళు. గంజి పట్టిన నూలు వాసన, యంత్రాల నూనె వాసన, పక్కనుండే మరాఠీ అవ్వ, మా ఆజీ, దండెం మీద ఆరేసిన ఎండుచేపల వాసన, అమ్మ గిన్నెలో కాల్చే సర్వపిండి వాసన, అన్నీ కలిసి మా సందుకు ఒక వాసన ఉండేది. కార్ఖానాలో దూది నుసి ఎగిరి ఎగిరి సాయంత్రానికి బాపు కనుబొమ్మలు ముసలివాడివి అయిపోయేవి. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే మళ్ళీ పడుచువాడు అయ్యేవాడు. అది చూడటం నాకు సరదా.

ఆ ఏడాది వానలతో పాటు వ్యాపారంలో మందీ వచ్చింది. బట్ట కొనేవాళ్ళు లేరని, పెద్దబాపుకు నూలిచ్చి నేయించుకునే సేఠ్ నూలు ఇవ్వడం మానేశాడు. నూలు లేక సాంచాలు ఆగిపోయాయి. మగవాళ్ళు చాయ్ హోటల్ బెంచీల మీద కూర్చుని పేకాడేవాళ్ళు. అమ్మకు కండెలు చుట్టే పని పోయింది. పొద్దస్తమానం తిరిగే ఆమె చేతులు ఖాళీగా ఉండటం నేను చూడటం అదే మొదలు. వారం తిరగకముందే మంచం కింది నుంచి పేలికల మూట లాగింది.

"బొంత కుడత" అన్నది. "మామూలుది గాదు. ఒక గడి లెక్క ఇంకో గడి ఉండొద్దు."

మా ఊళ్ళో నేసేదంతా కోర బట్ట, దానికి రంగుండదు. రంగు ముక్క కావాలంటే దర్జీల దగ్గరికి పోవాల్సిందే. ఆ పని నాకూ ఆజీ మనవరాలికీ పడింది. సందు మొదట్లో ఒక దర్జీ చాచా ఉండేవాడు. మధ్యాహ్నం ఆయన మిషను మీద తల ఆనించి కునికేవాడు. మేము పాకుతూ పోయి మిషను కింది నుంచి పిడికెడు పేలికలు లాక్కొని పరుగెత్తేవాళ్ళం. ఒకరోజు కళ్ళు మూసుకునే, "ఆ ఎర్రది కూడ తీస్కపోండి, మంచి ముక్క" అన్నాడు. మాకు నవ్వాగలేదు. దొరికిపోయామన్న సిగ్గు కన్నా, ఇన్నాళ్ళూ ఆయన నిద్ర నటించాడన్న అక్కసు ఎక్కువైంది.

అమ్మ ఆ బొంతను ఒక్కతే కుట్టింది గానీ, ఒక్కతే నేర్చుకోలేదు. మధ్యలో పచ్చీసు పటంలాంటి గడి వాళ్ళమ్మ నేర్పింది. మూలలు కలిసే గాలిపటాల గడి ఆజీది. ఎనిమిది కొనల చుక్క గైబీ నగర్ నుంచి కండెల కోసం వచ్చే ముస్లిం ఆమె, మా ఖాలాది. ఆ చుక్క కొనలు కలవక అమ్మ విప్పి కుట్టి, విప్పి కుట్టి విసిగిపోతే, ఖాలా బురఖా ముసుగు వెనక్కి వేసుకొని మా గడపలో కూర్చుని చేయి పట్టి చూపించింది. మెట్లు మెట్లుగా ఎక్కే గడి ఒక బిహారీ కార్మికుడి భార్యది. పేరు తెలియదు, భాభీ అనేవాళ్ళం. ఒక్కొక్క గడికి ఒక్కొక్క మనిషి ఉండేది.

"ఎందుకమ్మా గిన్ని రకాలు?" అని అడిగాను.

"నేను బడికి పోలె. కుట్టి పెట్టుకుంటెనే నాకు యాదికుంటది. రేపు నువ్వు దీన్ని జూసి కుట్టుకోవచ్చు. ఒక్కటి మర్సిపోయినా ఇంకోటి ఉంటది."

చివరి వరసలో ఒక గడి ఖాళీగా ఉంచి నా చేతికి సూది ఇచ్చింది. "ఇది నువ్వు కుట్టు." నేను నీలం ముక్కలూ పసుపు ముక్కలూ చాపలాగా అల్లి కుట్టాలనుకున్నాను. ఒక మూల పొడుగై, ఒక మూల కురచై, చూస్తే గొడ్డు తొక్కినట్టు వచ్చింది. ఏడుపొచ్చి విప్పబోతే అమ్మ చేయి పట్టుకుంది. "ఉండనియ్. అందరివి మంచిగుంటే నీది ఏదో ఎట్ల తెలుస్తది?"

లోపల పొరలకు ఆమె పాత చీరలు వేసింది. వాన రేకుల మీద పడుతుంటే ఆజీ, ఖాలా, అమ్మ మూడు వైపులా కూర్చుని అంచులు కుట్టేవాళ్ళు. ముగ్గురివీ మూడు భాషలు. అత్తల మీద చెప్పుకోవడానికి మాత్రం ఎవరికీ మాట తక్కువ పడలేదు. ఆజీ జొన్న రొట్టె మీద కారం నూనె వేసి తెచ్చేది. నేను మధ్యలో బొంత మీదే పడుకొని, నా చుట్టూ సూదులు కదులుతుంటే నిద్రపోయేదాన్ని. అంత సుఖం మళ్ళీ నేను ఎరగను.

వానలు వెలిసి ఎండ వచ్చిన రోజుల్లో, సేఠ్‌ని భార్యతో సహా పెద్దబాపు భోజనానికి పిలిచాడు. మళ్ళీ నూలు ఇప్పించుకోవాలన్నది ఆలోచన. పొద్దుటి నుంచీ అమ్మ వంటింట్లోనే ఉంది. పూరీలు, ఆలుగడ్డ కూర, సేమియా పాయసం. బొంతను ఆ ఉదయమే ఉతికి ముందు వాకిట్లో దండెం మీద ఆరేసింది. ఎండ అక్కడే తగిలేది.

సేఠానీ రిక్షా దిగుతూనే దాని దగ్గర ఆగింది. ఒక్కొక్క గడినీ వేలితో తడుముతూ, "ఇది ఎవరు చేశారు?" అని హిందీలో అడిగింది. నేను గుమ్మంలో ఉన్నాను. "మా అమ్మ" అనడానికి నోరు తెరిచాను. పెద్దమ్మ నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి, "మై బనాయీ" అన్నది. నేను కుట్టాను అని.

తిని లేచాక పెద్దబాపు స్వయంగా దండెం మీది నుంచి బొంత తీసి, మడిచి, సేఠానీ పక్కన రిక్షాలో పెట్టాడు. నేను వంటింట్లోకి పరుగెత్తాను. "అమ్మా, బొంత తీస్కపోతుండ్రు!" అమ్మ చేతిలో జల్లిగరిటె ఉంది. ఆ చేతితోనే బయటికి వచ్చింది. రిక్షా సందు మలుపు తిరుగుతోంది.

"ఏంది చెల్లె గట్ల జూస్తవ్?" అన్నది పెద్దమ్మ. "చేతులున్నయి గద, ఇంకోటి కుట్టుకో."

అమ్మ బాపు వైపు తిరిగింది. ఆయన గోడకు ఆనుకొని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "పోనియ్. బొంతే గద. నూలొస్తే మనకే మంచిది" అన్నాడు.

అమ్మ లోపలికి వెళ్ళి స్టవ్ ఆర్పింది. పిండి ముద్దలు ఇంకా పీట మీద ఉన్నాయి. అట్లాగే వదిలేసి వెనక గదికి పోయి కూర్చుంది. ఆడవాళ్ళు ఇంకా తినలేదు. ఆ పూట ఎవరి పూరీ వాళ్ళు కాల్చుకున్నారో లేదో నాకు తెలియదు. పెద్దమ్మ మాత్రం గిన్నెల మీద గిన్నెలు వేసి చప్పుడు చేసింది.

తర్వాత రోజుల్లో సందులో ఉన్న పెద్దవాళ్ళందరూ అమ్మకు బుద్ధి చెప్పడానికే వచ్చారు. పెద్దింటి ఆమె మెచ్చుకుంది, అదే గొప్ప కదా అన్నారు. ఇంట్లో మాట బయటికి పోవద్దన్నారు. ఆడది అంత పట్టుదల పట్టొద్దన్నారు. అమ్మ వాళ్ళకు చాయ్ పోసి పంపేది. ఆ చాయ్ పోసినందుకు కూడా నాకు కోపం వచ్చేది. ఒక్క ఆజీ మాత్రం ఎండుచేపలు తిప్పుతూ, "జా గ పోరీ, ఘేఊన్ యే" అన్నది. పో పిల్లా, పోయి తెచ్చుకో అని. వేరే మాట చెప్పలేదు.

ఒకరోజు బడి నుంచి రాగానే అమ్మ నా చేయి పట్టుకుంది. "నడువు. నిజాంపురకు, సేఠ్ ఇంటికి పోదాం. నాకు హిందీ సక్కగ రాదు, నువ్వు చెప్పాలె."

సేఠ్ ఇల్లు రెండంతస్తులది. ముందు గదిలో ఇత్తడి గొలుసుల ఉయ్యాల ఉంది. దాని మీద మా బొంత పరిచి ఉంది. సేఠానీ దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నా గడి ఆమె మోకాలి కింద ఉంది.

"చెప్పు బిడ్డా" అన్నది అమ్మ. "ఈ బొంత నాది, నన్ను అడగకుండ ఇచ్చిండ్రు, తీస్కపోను వచ్చిన్నని చెప్పు."

చెప్పాను. సేఠానీ నవ్వింది. కుట్టింది మీ పెద్దమ్మ కదా అన్నది. కాదు, మా అమ్మ, ఇదిగో ఈ వంకర గడి నాది అన్నాను. ఆమె కాస్త కాలు జరిపి చూసింది. నవ్వు తగ్గింది. సరే, ఎవరు కుట్టినా ఇచ్చింది మీ ఇంటివాళ్ళే, మీలో మీరు తేల్చుకోండి అంటూ నడుముకున్న సంచీ విప్పి నోట్లు తీసింది.

"అమ్ముకుందామని కుట్టలేదని చెప్పు" అన్నది అమ్మ.

సేఠానీకి కోపం వచ్చింది. ఏదో గబగబా అన్నది.

"ఏమంటున్నది?" అని అమ్మ అడిగింది.

"అమ్మా... ఇచ్చినదాన్ని మళ్ళ అడుగనీకె నీకు సిగ్గు లేదా అంటున్నది."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "లేదని చెప్పు" అన్నది.

"నహీ హై" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సేఠానీ చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకొని లేచి నిలబడింది, పనిమనిషిని కేకవేయడానికి. ఆమె లేచిందే చాలు. అమ్మ ముందుకు వెళ్ళి ఉయ్యాల మీది బొంతను ఒక్క లాగు లాగి భుజాన వేసుకుంది. పనిమనిషి వచ్చింది గానీ అమ్మ మొహం చూసి గోడకు ఒదిగి దారి ఇచ్చింది.

నిజాంపుర బజారంతా పట్టపగలు మేము అట్లాగే నడిచి వచ్చాము. బరువైన బొంత. పాత చీరల పొరలు కదా. అమ్మ మెడ మీద చెమట కారుతోంది. నేను ఒక కొస పట్టుకుంటానంటే వద్దన్నది. బజారులో జనం తిరిగి తిరిగి చూశారు. మా సందు దగ్గరి చాయ్ హోటల్లో బాపు ఉన్నాడు. మమ్మల్ని చూసి బెంచీ మీది నుంచి సగం లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. అమ్మ అటు తిరగలేదు.

మేము ఇల్లు చేరేలోపే సేఠ్ మనిషి సైకిల్ మీద వచ్చి పెద్దబాపుకు చెప్పిపోయాడు. పెద్దబాపు వాకిట్లో నిలబడి ఉన్నాడు. అమ్మ ఎప్పుడూ ఆయన ముందుకు తలమీద కొంగు లేకుండా వచ్చేది కాదు, నేరుగా మాట్లాడేది కాదు. ఆ రోజు కొంగు బొంత కింద పడి ఎక్కడుందో తెలియదు.

"నా ఇజ్జత్ మొత్తం తీసినవ్!" అని అరిచాడు పెద్దబాపు.

"ఇజ్జత్ నీది, బొంత నాది బావా" అన్నది అమ్మ. "నీది నువ్వు సూస్కో. నాది నేను తెచ్చుకున్న."

పెద్దమ్మ గుండెలు బాదుకుంది. "ఒక్క బొంత కోసం ఇల్లు ఆగం జేస్తవా చెల్లె?"

"నువ్వే కుట్టినవని చెప్పినవు గదక్కా. చేతులున్నయి గద, ఆమెకు ఇంకోటి కుట్టియ్."

అప్పుడు వచ్చాడు బాపు. వచ్చి అన్న మొహం చూశాడు. అమ్మ మొహం చూడలేదు. బొంత అంచు పట్టుకొని, "ఇటియ్. నేను ఇచ్చొస్త" అని లాగాడు. అమ్మ రెండో అంచు వదల్లేదు. పేద్ద చప్పుడుతో ఒక అతుకు పిగిలింది. నేను బాపు చేతిని కొరికాను. నిజంగానే, రక్తం వచ్చేలాగా. ఆయన వదిలేశాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చేయి పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు.

"గది ఖాళీ చేయుండ్రి" అన్నాడు పెద్దబాపు.

ఖాలా గైబీ నగర్‌లో తన సందులోనే ఒక గది చూసిపెట్టింది. తోపుడుబండి మీద గిన్నెలు, ట్రంకుపెట్టె, పైన బొంత. అమ్మ బండి పక్కన నడిచింది, బాపు చాలా ముందు నడిచాడు. మందీ కూడా తగ్గుముఖం పట్టి, అక్కడ ఆయనకు వేరేవాళ్ళ సాంచాల మీద పని దొరికింది. మేము ఆకలితో చావలేదు, వీధిన పడలేదు. పెద్దబాపు లేకపోతే ఏమైపోతామో అని అందరూ చెప్పిన భయాల్లో ఒక్కటీ జరగలేదు. కానీ ఆ చలికాలమంతా బాపు అమ్మతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు, ఉప్పు తక్కువైందనీ, కరెంటు పోయిందనీ. ఆ రోజు సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

పెళ్ళిళ్ళకు పోతే మా వాళ్ళు అమ్మను చూపించి, "సేఠ్ ఇంట్ల బొంత గుంజుకొచ్చిన ఆమె" అని నవ్వేవాళ్ళు. ఎవరూ "బొంత కుట్టిన ఆమె" అనలేదు. పెద్దమ్మ బతికినన్నాళ్ళూ అది తానే కుట్టానని చెప్పుకుంది. చెప్పి చెప్పి ఆమెకే నమ్మకం కుదిరిందేమో.

అమ్మ ఆ బొంతను పెట్టెలో దాచలేదు. పిగిలిన చోట కుట్టుకొని రోజూ వాడింది. నాకు జ్వరమొస్తే కప్పింది, ఖాలా కూతురు పురిటికి వస్తే పరిచింది, చుట్టాలొస్తే వేసింది. ఏళ్ళు గడిచేకొద్దీ రంగులు వెలిసి, చుక్కల కొనలు అరిగి, లోపలి చీరలు బయటపడ్డాయి. ఆమె పోయినప్పుడు ఆమె పక్కబట్టలతో పాటు దాన్నీ తీసుకుపోయి ఖాడీ ఒడ్డున, ఆ సముద్రపు పాయ పక్కన వదిలేశారు. పోయినవాళ్ళ పక్కబట్టలు ఇంట్లో ఉంచుకోకూడదు కదా. నేను అడ్డం చెప్పలేదు. ఆమెది ఆమెతో పోవడమే న్యాయమనిపించింది.

దినాలు అయిపోయాక ఒక సాయంత్రం నేనూ బాపూ ఇద్దరమే ఉన్నాము. ఆయనకు అప్పటికి కనుబొమ్మలు నిజంగానే తెల్లబడ్డాయి. అడగకుండా ఉండలేకపోయాను.

"బాపూ, ఆనాడు బొంతే గద అని ఎందుకన్నవ్?"

"భయమైంది బిడ్డా" అన్నాడు. "అన్న ఎల్లగొడితె మిమ్ములను దీస్కోని ఏడికి పోవాలె అని భయమైంది. మీ అమ్మకు భయం గాలె. గందుకె నాకు కోపమొచ్చింది. కుట్టింది ఆమె, కష్టం ఆమెది, నాకు తెల్వదా?"

"గీ మాట అమ్మకు చెప్పినవా?"

తల అడ్డంగా ఊపాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ మరి?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పేదవాడు, అన్న నీడలో బతికినవాడు, ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. పెద్దదాన్నయ్యాక చాలాసార్లు ఆయన పక్షాన నేనే వాదించుకున్నాను. అయినా కోపం పోలేదు. ఇప్పుడు పోవాలని కూడా నాకు లేదు. ఎందుకంటే గైబీ నగర్ గదిలో అన్నేళ్ళూ రోజూ నేను చూసిందొకటి ఉంది. ఆయనకు అన్నం పెట్టి అమ్మ ఎదురుగా కూర్చునేది. కూర వడ్డించడం అయిపోయినా లేచేది కాదు. ఏమైనా అంటాడేమోనని ఆయన మొహంలోకి చూసేది. ఆయన కంచంలోకి చూస్తూ తినేవాడు. నాతో అన్న ఆ మాట ఆమెకు చెప్పడానికి ఆయన ఎక్కడికీ పోవాల్సిన పని లేదు. తల ఎత్తితే చాలు, ఆమె అక్కడే ఉండేది.